కొత్త వినియోగ వస్తువుకు తొలి ఏడాది మార్కెటింగ్ బడ్జెట్‌ను ఏ లెక్కన వేయాలి?

కొత్తకాగితం
మేము ఇద్దరం కలిసి బట్టలు ఉతికే ద్రవం ఒకటి తయారుచేశాము. సరైన పాళ్ళు కుదరడానికి, పరీక్షలు ముగియడానికి, సీసా రూపం తేలడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు మార్కెట్లోకి వెళ్ళే ముందు మార్కెటింగ్‌కు ఎంత కేటాయించాలో, దానిని ఎలా పంచాలో తేలక ఆగిపోయాము. మేము సంప్రదించిన సలహాదారు తొలి ఏడాది అమ్మకాల అంచనాలో 10 శాతం చాలన్నారు. ప్రకటనల ఏజెన్సీ ఇచ్చిన ప్రణాళిక మా చేతిలో ఉన్న మొత్తం సొమ్ములో 40 శాతం అడుగుతోంది. ఈ రెండు మొత్తాలకూ మధ్య చాలా తేడా ఉంది. ఏజెన్సీ తన మొత్తాన్ని నూరు వంతులు చేసి ప్రకటన చిత్రానికి 25, ఆన్‌లైన్ ప్రకటనలకు 45, ఇన్‌ఫ్లుయెన్సర్లకు 20, మిగిలినవాటికి 10 అని రాసింది. ఇద్దరిలో ఎవరి లెక్క సరైనదో, అసలు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

అరసున్న
అమ్మకాల్లో ఇంత శాతం అనే పద్ధతి ఇప్పటికే అమ్ముడవుతున్న సరుకుకు పనికి వస్తుంది, ఎందుకంటే అక్కడ నిరుటి అమ్మకం అనే గట్టి నేల ఒకటి ఉంటుంది. మీ దగ్గర ఉన్నది అంచనా మాత్రమే. అమ్మకం ఎంత జరుగుతుందన్నది మీరు పెట్టే ఖర్చు మీద కొంతవరకు ఆధారపడి ఉన్నప్పుడు, ఆ అమ్మకం నుంచే ఖర్చును లెక్కగట్టడం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. ముందు చేయవలసిన పనిని నిర్ణయించి, ఆ పనికి ఎంతవుతుందో లెక్కవేయడమే సరైన దారి. 1961లోనే రసెల్ కాలీ అమెరికా ప్రకటనదారుల సంఘం కోసం రాసిన పద్ధతిలో, ప్రకటనకు కొలవదగిన లక్ష్యాన్ని ముందే రాసుకోవాలని చెప్పాడు. ఏజెన్సీ ప్రణాళికలో ఎంత ఖర్చవుతుందో ఉంది కాని, ఏడాది చివరికి ఎంతమంది కొని ఉండాలో, వారిలో ఎంతమంది మళ్ళీ కొని ఉండాలో ఉందా?

కొత్తకాగితం
అరసున్న గారూ, లేదు. ఎంతమంది చూస్తారన్నది మాత్రం ఉంది.

లెక్కలగది
చూసేవారి సంఖ్యతో బడ్జెట్ వేయలేము. ముందు ఒక్క సీసా మీద మీకు నికరంగా ఎంత మిగులుతుందో చెప్పండి. పన్నులు పోను వినియోగదారుడు చెల్లించే ధరను నూరు అనుకుని, అందులోంచి తయారీ, సీసా, రవాణా, డెలివరీ, చెల్లింపు రుసుము, దుకాణదారు మార్జిన్, పంపిణీదారు మార్జిన్, పాడైన సరుకు, తిరిగి వచ్చిన సరుకు అన్నీ తీసివేయండి. దుకాణాల ద్వారా అమ్మినప్పుడు మిగిలేది, మీరే నేరుగా ఆన్‌లైన్‌లో అమ్మినప్పుడు మిగిలేది వేరువేరుగా చూపండి, ఈ రెంటినీ కలిపి సగటు తీయవద్దు. మార్కెటింగ్‌కు సొమ్ము వచ్చేది ఆ మిగులులోంచే. దానిని దాటి పెట్టే ప్రతి ఖర్చూ మీ మూలధనంలోంచి పోతుంది. అలా పోవడం తొలి ఏడాదిలో తప్పు కాదు, కాని ఎంత పోతోందో తెలిసి పోవాలి.

గోదాముతాళం
దుకాణాల్లో అమ్మే ఆలోచన ఉంటే నా మాట కూడా వినండి. ఇంటి శుభ్రతకు సంబంధించిన ఒక సరుకును మేము మార్కెట్లోకి తెచ్చినప్పుడు ప్రకటనలు మొదలయ్యేనాటికి మా సరుకు పదింట మూడు దుకాణాల్లో కూడా లేదు. జనం అడిగారు, దుకాణదారు లేదన్నాడు, వారు పక్కనున్న సీసా తీసుకుని వెళ్ళిపోయారు. ఆ ఆరు వారాల ప్రకటనల సొమ్మంతా మేము పోటీదారు సరుకు అమ్మిపెట్టడానికి ఖర్చు చేసినట్టయింది. సరుకు అరలోకి చేరాకే ప్రకటన మొదలుకావాలి.

దుకాణాల సంఖ్యను మాత్రమే లెక్కపెట్టుకోవడం కూడా పొరపాటే. ఆ రకం సరుకు ఎక్కువగా అమ్ముడయ్యే దుకాణాల్లో మీరు ఎన్నింటిలో ఉన్నారన్నది చూడాలి. వంద చిన్న దుకాణాల్లో ఉండి, ఆ ప్రాంతపు అమ్మకంలో సగం జరిగే పది దుకాణాల్లో లేకపోతే కాగితం మీద పంపిణీ బాగున్నట్టే కనిపిస్తుంది. ఇక తొలి సరుకు అప్పుగా ఇవ్వాలి, అరలో మంచి చోటుకు డబ్బు అడుగుతారు, అమ్ముడుపోనిది వెనక్కి తీసుకోవాలి. ఏజెన్సీ ప్రణాళికలో వీటిలో ఒక్కటి కూడా లేదు.

కొత్తకాగితం
లెక్కలగది గారూ, మీరు అడిగినట్టు లెక్క తీశాము. ధర 100 అనుకుంటే తయారీ, సీసా కలిపి 32. నేరుగా అమ్మితే డెలివరీ 18, పెట్టె 5, చెల్లింపు రుసుము 2 పోను 43 మిగులుతుంది. దుకాణాల ద్వారా అయితే దుకాణదారుకు 25, పంపిణీదారుకు 8, రవాణాకు 6, పాడైన సరుకుకు 3 పోను 26 మిగులుతుంది. మూడు నెలలు చిన్న స్థాయిలో ఆన్‌లైన్‌లో అమ్మి చూశాము. అప్పుడు ఒక కొత్త కొనుగోలుదారును తెచ్చుకోవడానికి ప్రకటనలకు 90 ఖర్చయింది. తొలిసారి కొన్న నూరుమందిలో 40 మంది రెండోసారి కొన్నారు. ఒక సీసా సుమారు రెండు నెలలు వస్తుంది.

లెక్కలగది
అయితే మీ ప్రశ్నకు సగం సమాధానం మీ దగ్గరే ఉంది. ఈ నూరుమందినే పట్టుకుని లెక్క వేద్దాము. వీరిని తెచ్చుకోవడానికి అయిన ఖర్చు 9,000. నూరుమంది ఒకసారి, 40 మంది రెండోసారి కొన్నారు. ఆ తర్వాత జారిపోయేవారు క్రమంగా తగ్గుతారు కనుక మూడోసారి 24, నాలుగోసారి 18, ఐదోసారి 15 మంది కొంటారని అనుకుందాము. మొత్తం 197 సీసాలు, సీసాకు 43 చొప్పున 8,471. అంటే ఐదు కొనుగోళ్ళ తర్వాత కూడా 529 నష్టంలోనే ఉన్నారు.

ఇప్పుడు రెండోసారి కొనేవారు 40 కాక 50 మంది అయ్యారని, ఆ తర్వాత 34, 27, 23 మంది మిగిలారని అనుకోండి. మొత్తం 234 సీసాలు, 10,062 వస్తుంది. నాలుగో కొనుగోలు దగ్గరే 9,073 చేరి పెట్టుబడి తిరిగి వచ్చేస్తుంది. నూటికి పదిమంది అదనంగా తిరిగి వస్తే వ్యాపారం నష్టం నుంచి లాభానికి మారుతోంది. ప్రకటన ఖర్చును పదో పదిహేనో శాతం తగ్గించడానికి జుట్టు పీక్కునేవారు ఈ పదిమంది ఎందుకు రాలేదో ఎందుకు అడగరో నాకు అర్థం కాదు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. నాలుగో కొనుగోలు జరిగేది తొలి కొనుగోలు తర్వాత ఆరు నెలలకు. కనుక ఏడాది రెండో సగంలో తెచ్చుకున్నవారి మీద పెట్టిన సొమ్ము ఆ ఏడాదిలో తిరిగి రాదు. ఇలాంటి అంచనా లెక్కలో అంతా సవ్యంగా కనిపిస్తున్నప్పుడే బ్యాంకు ఖాతా ఖాళీ అయ్యేది ఇందువల్లే.

పొద్దుతిరుగుడు
లెక్కలగది గారి గణితంతో నాకు పేచీ లేదు కాని, దాని నుంచి తీసే ముగింపుతో ఉంది. మళ్ళీ కొనేవారి మీదే దృష్టంతా పెడితే చిన్న బ్రాండు చిన్నదిగానే ఉండిపోతుంది. 1963లో విలియం మెక్‌ఫీ అనే పరిశోధకుడు గుర్తించిన ఒక క్రమాన్ని మార్కెటింగ్ పరిశోధకుడు ఆండ్రూ ఎరెన్‌బర్గ్ వినియోగ వస్తువుల్లో మళ్ళీ మళ్ళీ చూపించాడు. చిన్న బ్రాండుకు కొనేవారు తక్కువగా ఉండటమే కాక, ఆ కొనేవారు కూడా పెద్ద బ్రాండు కొనేవారికంటే కొంచెం తక్కువసార్లే కొంటారు. దీనికి దండన రెండింతలు అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. అంటే విశ్వాసపాత్రులైన కొద్దిమందిని పెంచుకుని పెద్దవాళ్ళమవుతామన్నది సాధారణంగా జరగని పని, కొత్తవారు రావాలి. వారు రావాలంటే పేరు, రంగు, సీసా ఆకారం జనం మనసులో నాటుకోవాలి. లెస్ బినే, పీటర్ ఫీల్డ్ అనే ప్రకటనల నిపుణులు 2013లో బ్రిటన్‌లోని ప్రకటనల ఏజెన్సీల సంఘమైన ఐపీఏ దగ్గర ఉన్న ప్రచార ఉదాహరణలను పరిశీలించి, సగటున 60 శాతం బ్రాండు నిర్మాణానికి, 40 శాతం తక్షణ అమ్మకానికి పెట్టడం మేలని తేల్చారు. అటువంటప్పుడు ఏజెన్సీ ప్రణాళికలోని ప్రకటన చిత్రాన్ని తీసివేస్తే తొందరపాటు కాదా?

అరసున్న
పొద్దుతిరుగుడు గారు చెప్పిన మొదటి విషయాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. రెండోదానిలో ఒక మెలిక ఉంది. ఆ 60, 40 సగటు లెక్క, అది వచ్చింది కూడా పురస్కారాలకు పంపిన ప్రచారాల నుంచి. వాటిలో ఎక్కువ భాగం అప్పటికే దుకాణాల్లో నిలదొక్కుకుని, పెద్ద మాధ్యమాలను కొనగల స్తోమత ఉన్న బ్రాండ్లవి. రేపు పుట్టబోయే సరుకుకు దానిని సూత్రంలా తగిలించలేము.

కొత్త బ్రాండుకు దగ్గరగా ఉండే కొలత మరొకటి ఉంది. మార్కెట్ పరిశోధన చేసే నీల్సన్ సంస్థలో పనిచేసిన జేమ్స్ పెక్‌హామ్ కొత్త సరుకుల చరిత్రను చూసి, రెండేళ్ళ చివరికి మీరు కోరుకునే మార్కెట్ వాటాకు సుమారు ఒకటిన్నర రెట్ల వాటా ఆ రకం సరుకుల మొత్తం ప్రకటనల్లో మీకు ఉండాలన్నాడు. ఉదాహరణకు 4 శాతం మార్కెట్ కావాలంటే ప్రకటనల్లో 6 శాతం మీ గొంతు వినబడాలి. బట్టలు ఉతికే సరుకుల్లో పెద్ద కంపెనీలు పెట్టే ఖర్చు ముందు ఆ 6 శాతం కొత్తకాగితం గారి మొత్తం మూలధనాన్ని మించిపోవచ్చు.

అందువల్ల నాకు తోచే సమాధానం ఒక్కటే. ఖర్చును పెంచలేకపోతే రంగాన్ని కుదించాలి. ఒకే ప్రాంతం, లేదా ఒకే రకం కొనుగోలుదారులు, పసిపిల్లలున్న ఇళ్ళో, యంత్రంలో ఉతికేవారో, ఎవరైనా సరే. ఆ చిన్న మడిలో మీ గొంతు వాటా 6 కాదు, 20 శాతం కూడా కావచ్చు. నారు ఒక మడిలో పెంచాకే పొలమంతా నాటుతారు.

పొద్దుతిరుగుడు
రంగాన్ని కుదించడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ మడిలో ఖర్చు చేసేటప్పుడైనా నెలకో రంగు, నెలకో నినాదం మార్చవద్దు. తొలి ఏడాదిలో ఖర్చు లేకుండా చేయగల బ్రాండు నిర్మాణం అదొక్కటే.

తెరవెనుక
ప్రకటనల స్థలం కొనే పనిలో ఉన్నవాడిని కనుక ఆ 90 గురించి ఒక మాట. ఆ అంకె ఎక్కడి నుంచి తీసుకున్నారు? ప్రకటన వేదికలు చూపే నివేదిక నుంచైతే దానిని నమ్మి ఏడాది బడ్జెట్ వేయవద్దు. ఒకే కొనుగోలును రెండు వేదికలు తమ ఖాతాలో వేసుకుంటాయి. ఎలాగూ కొనేవారికి చివరి నిమిషంలో ప్రకటన చూపించి ఆ అమ్మకాన్ని తమదిగా చెప్పుకుంటాయి. పైగా 2021 ఏప్రిల్‌లో ఆపిల్ ఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5 వచ్చినప్పటి నుంచి ఆ ఫోన్లలో ఇతర యాప్‌లు, వెబ్‌సైట్లలో మనిషి కదలికలను గమనించాలంటే అనుమతి అడగవలసి వస్తోంది. అనుమతి ఇవ్వనివారి విషయంలో వేదికలు చూపేది చాలావరకు అంచనాయే.

మొత్తం ప్రకటనల ఖర్చును నిజంగా వచ్చిన కొత్త కొనుగోలుదారుల సంఖ్యతో భాగించండి. ఆ తర్వాత ఒకేలాంటి రెండు ప్రాంతాలు తీసుకుని, ఒకదానిలో నాలుగు వారాలు ప్రకటనలు ఆపి రెండుచోట్లా మొత్తం అమ్మకాన్ని పోల్చండి. ఆపినచోట అమ్మకం తగ్గకపోతే అక్కడ మీరు పెట్టింది వృథా ఖర్చు. ఇలాంటి పరీక్షలకు బడ్జెట్‌లో 5 శాతం విడిగా ఉంచమని నేను అందరికీ చెబుతాను, పదిమందిలో ఒకరో ఇద్దరో ఉంచుతారు.

కొత్తకాగితం
ఆ 90 వేదిక చూపిన అంకెయే. మీరు చెప్పినట్టు మొత్తం ఖర్చును భాగిస్తే 104 వస్తోంది. లెక్కలగది గారి రెండో ఉదాహరణ కూడా దీనితో నష్టంలోకి పోతుంది.

లెక్కలగది
అవును, 10,400కు 10,062 మాత్రమే వస్తుంది. తెరవెనుక గారికి కృతజ్ఞతలు, ఆ ప్రశ్న నేను అడగవలసింది.

నీలిసిరా
104 పెట్టి ఆన్‌లైన్‌లో ఒక మనిషిని తెచ్చుకోవడమే ఏకైక మార్గం ఎందుకు కావాలి? బట్టలు ఉతికే ద్రవం వాడి చూస్తేనే నమ్మే సరుకు. మా సంస్థలో శాంపిళ్ళు పంచినప్పుడు నేర్చుకున్న పాఠం చెబుతాను. మొదటి విడతలో ఒక్క ఉతుకుకు సరిపడే చిన్న పొట్లాలు పంచాము. తీసుకున్నవారు ఎక్కువే, కొన్నవారు మాత్రం చాలా తక్కువ. ఇళ్ళకు వెళ్ళి అడిగితే, ఒక్కసారికి తేడా ఏమీ తెలియలేదని, కొందరైతే పాత పొడితో కలిపి వాడామని చెప్పారు. రెండో విడతలో మూడు ఉతుకులకు సరిపడే సీసా ఇచ్చి, తీసుకున్నవారి అనుమతితో వివరాలు రాసుకుని, మూడు వారాలకు పలకరించాము. ఖర్చు పెరిగింది కాని, కొన్నవారి సంఖ్య అంతకంటే ఎక్కువగా పెరిగింది.

శాంపిల్ ఎవరికి ఇచ్చామో రాసుకోకపోతే అది దానమే అవుతుంది, మార్కెటింగ్ కాదు.

గోదాముతాళం
నీలిసిరా గారి మాటకు ఇంకొకటి జోడిస్తాను. శాంపిళ్ళు పంచే చోటికి నడిచి వెళ్ళగల దూరంలోని దుకాణాల్లో సరుకు ఉందో లేదో ముందురోజు ఒక మనిషి వెళ్ళి చూసి రావాలి.

ముడిసరుకు
అందరూ అమ్మకం గురించే మాట్లాడుతున్నారు. పేరు నమోదు అయిందా? మేము పేరు, సీసా చీటీ, వెబ్‌సైట్ అన్నీ తయారుచేసుకుని నాలుగు నెలలు అమ్మాక, అదే రకం సరుకుకు అదే ధ్వని ఉన్న పేరును మరొకరు అంతకుముందే నమోదు చేసుకున్నారని లీగల్ నోటీసు వచ్చింది. ముద్రించిన చీటీలన్నీ చింపేశాము. పేరు మార్చడానికి అయిన ఖర్చు ఆ ఏడాది మా ప్రకటనల ఖర్చుకంటే ఎక్కువ. ట్రేడ్‌మార్కుల అంతర్జాతీయ వర్గీకరణలో మొత్తం 45 తరగతులు ఉన్నాయి, వాటిలో 34 సరుకులవి. బట్టలు ఉతికే పదార్థాలు 3వ తరగతిలోకి వస్తాయి. ఆ తరగతిలో వెతికించి, దరఖాస్తు పెట్టాకే డిజైన్‌కు సొమ్ము ఇవ్వండి. బడ్జెట్‌లో మొదటి వరుస ఇదే కావాలి.

పొద్దుతిరుగుడు
ముడిసరుకు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇన్‌ఫ్లుయెన్సర్ల విషయంలోనూ ఇటువంటి ఒప్పంద చిక్కే ఉంది. వారు తీసిన వీడియోను మీ ప్రకటనలో ఎన్ని నెలలు వాడుకోవచ్చో, ఎక్కడెక్కడ వాడుకోవచ్చో ముందే రాయించుకోండి. వారి అనుచరుల సంఖ్యకు చెల్లించడం కంటే, మీరు హక్కుతో వాడుకోగల నాలుగు మంచి వీడియోలకు చెల్లించడం ఎక్కువ ఉపయోగం. ఇదైతే ప్రకటన చిత్రానికి పెట్టదలచిన 25 వంతుల్లో చాలావరకు మిగులుతుంది. ఆ చిత్రం గురించి నా మొదటి అభిప్రాయాన్ని సవరించుకుంటున్నాను.

గోదాముతాళం
డిస్కౌంట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. దుకాణాల్లో ఒకటి కొంటే ఒకటి ఉచితం పెట్టమని మీ సేల్స్ మనుషులే ఒత్తిడి చేస్తారు. అటువంటి పథకంలో ఆ నెల అమ్మకం ఎగురుతుంది, తర్వాతి రెండు నెలలు పడిపోతుంది, ఎందుకంటే ఇళ్ళలో నిల్వ చేరుతుంది. సీసాకు 26 మిగిలే చోట 20 శాతం తగ్గింపు మీరే భరిస్తే మిగిలేది 6.

నీలిసిరా
పైగా తగ్గింపు ధరకు కొన్నవారు మళ్ళీ రాకపోతే సరుకు బాగాలేదా, ధర నచ్చలేదా అన్నది మీకు ఎప్పటికీ తెలియదు. కొత్తకాగితం గారూ, ఆ 40 మంది మొదటిసారి పూర్తి ధరకే కొన్నారా?

కొత్తకాగితం
మొదటి నెలలో కొన్నవారికి పావు వంతు తగ్గించాము. వారిని విడదీసి చూస్తే తగ్గింపుతో వచ్చినవారిలో నూటికి 31 మంది, పూర్తి ధర చెల్లించినవారిలో నూటికి 47 మంది రెండోసారి కొన్నారు. ఈ తేడాను ఇంతకుముందు మేము చూడనే లేదు.

లెక్కలగది
ఈ చర్చ మొత్తంలో ఇదే అత్యంత విలువైన అంకె. అంటే సరుకులో లోపం లేదు, మనుషులను పిలిచిన తీరులో ఉంది.

ఖాతాపుస్తకం
లెక్కల వైపు నుంచి రెండు విషయాలు. ప్రకటనల ఖర్చు పలు ఏళ్ళు ఫలితం ఇస్తుందని చెప్పి దానిని ఆస్తిగా చూపలేరు. ఖాతాలు రాయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 38 ప్రకారం అది అయినప్పుడే ఖర్చుగా రాయాలి, కనుక తొలి ఏడాది నష్టం కాగితం మీద మీరు అనుకున్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. మదుపరులు ఉంటే ముందే చెప్పి ఉంచండి. రెండోది, అరలో చోటుకు, ప్రదర్శనకు దుకాణాలకు ఇచ్చే సొమ్ముకు బదులుగా మీకు విడిగా ఒక సేవ అందకపోతే, ఆదాయం గురించిన మరో ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 ప్రకారం అది మార్కెటింగ్ ఖర్చు కాదు, అమ్మకాల ఆదాయంలోంచే తగ్గించాలి. బడ్జెట్‌లో ఒకచోట, ఖాతాల్లో మరొకచోట రాస్తే ఏడాది చివర ఏ అంకె దేనితో పోల్చాలో తెలియదు.

కొత్తకాగితం
అందరి మాటలూ దగ్గర పెట్టుకుని మళ్ళీ రాశాము. మార్కెటింగ్ మొత్తాన్ని మూలధనంలో 40 శాతం నుంచి 28కి తగ్గించి, మిగిలినదాన్ని సరుకు నిల్వకు, దుకాణాలకు ఇచ్చే అప్పుకు ఉంచాము. ఆ 28ని నూరు వంతులు చేస్తే పేరు నమోదు, చీటీ, ఫోటోలు, హక్కులతో కూడిన వీడియోలకు 10, శాంపిళ్ళకు, వాటిని పంచే మనుషులకు 20, దుకాణాల్లో ప్రదర్శనకు 20, ఆన్‌లైన్ ప్రకటనలకు తొలి ఆరు నెలల్లో 15, పరీక్షలకు 5. మిగిలిన 30 వంతులను ఇప్పుడే దేనికీ కేటాయించకుండా తాళం వేస్తున్నాము. ఒకే ప్రాంతంలో, యంత్రంలో ఉతికే ఇళ్ళతో మొదలుపెడతాము. పరిచయ తగ్గింపు ఉండదు. ఒక్క ఇబ్బంది మాత్రం మిగిలింది. సీసా రెండు నెలలు వస్తుంది కనుక మళ్ళీ కొంటున్నారో లేదో తెలియడానికే చాలా కాలం పడుతుంది.

అరసున్న
1960లో ఫోర్ట్, వుడ్‌లాక్ అనే పరిశోధకులు కొత్త సరుకుల భవిష్యత్తును ముందుగా పసిగట్టడానికి చూసినవి ఈ రెండే, కొత్తగా ఎంతమంది వాడి చూస్తున్నారు, వాడినవారిలో ఎంతమంది తిరిగి వస్తున్నారు. ఆ రెండో అంకె త్వరగా తెలియాలంటే పరీక్ష ప్రాంతంలో మూడు వారాలకు సరిపోయే చిన్న సీసాను అమ్మి చూడండి.

గోదాముతాళం
చిన్న సీసా మీద మిగులు ఇంకా తక్కువ. డెలివరీ ఖర్చు అంతే ఉంటుంది.

అరసున్న
నిజమే. ఆ లోటును పరీక్షల కోసం ఉంచిన 5 వంతుల్లోంచి భరించాలి, అమ్మకం మీద వచ్చిన నష్టంగా చూడకూడదు.

లెక్కలగది
కొత్తకాగితం గారూ, తాళం వేసిన 30 వంతులను ఏ అంకె దగ్గర తీస్తారో ఫలితం రాకముందే ఇక్కడ రాయండి. వచ్చాక రాస్తే ఏ అంకె వచ్చినా సరిపోయిందనే అనిపిస్తుంది.

కొత్తకాగితం
పూర్తి ధరకు కొన్న నూరుమందిలో 50 మంది రెండోసారి కొంటే, ఒక కొత్త కొనుగోలుదారుకు అయ్యే మొత్తం ఖర్చు 90 దాటకుండా ఉంటే, పక్క ప్రాంతానికి వెళ్ళడానికి ఆ 30 వంతులను తీస్తాము. తిరిగి వచ్చేవారు 40 కంటే తగ్గితే ప్రకటనలన్నీ ఆపి, రానివారి ఇళ్ళకు వెళ్ళి అడుగుతాము. ఈ రెంటికీ మధ్యలో ఉంటే అదే ప్రాంతంలో, అదే ఖర్చుతో, రెండో విడత శాంపిళ్ళు పంచి మరో ఆరు వారాలు చూస్తాము.